కృతజ్ఞతల పేజీలో కొట్టేసిన పేరు

నాకు డాక్టరేట్ వచ్చి నాలుగేళ్ళవుతోంది. మా ఇంటావంటా పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేనే. అందుకేనేమో పట్టా వచ్చిన రోజు నుంచి అందరూ నన్ను ఒకటే అడుగుతూ వచ్చారు. ఎవరి సాయంతో ఇంతదాకా వచ్చావు, ఎవరెవరికి కృతజ్ఞతలు చెప్పుకుంటావు అని. మా ఊరి సన్మానంలో అడిగారు. నేను పాఠాలు చెప్పే కాలేజీలో అడిగారు. ఒక విలేకరి ఫోన్ చేసి అడిగాడు. నేను ప్రతిసారీ వినయంగా కొందరి పేర్లు చెప్పాను. చెప్పాల్సిన పేరు మాత్రం ఎక్కడా చెప్పలేదు. ఇక్కడ కూడా రాయడం లేదు. దానికి కారణం వేరే ఉంది, అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మాది గుంటూరు, ప్రకాశం జిల్లాలు కలిసే చోట ఒక మెట్ట ఊరు. ఎటు చూసినా నల్లరేగడి. పత్తి లేకపోతే మిరప, మిరప లేకపోతే పత్తి. మాకు సెంటు భూమి లేదు. నాన్న చీమకుర్తి గ్రానైట్ క్వారీలో పనికి వెళ్ళేవాడు. నేను ఏడో తరగతిలో ఉండగా అక్కడే రాయి మీద పడి చనిపోయాడు. ఆ తర్వాత ఇల్లు అమ్మ రెక్కల మీదే నడిచింది. అమ్మ చలికాలం మొదట్లో పత్తి తీసేది, సంక్రాంతి దాటాక మిరపకోతకు వెళ్ళేది.

మిరపకోతకు ఆడవాళ్ళు ముఠాగా వెళ్తారు. ముఠాకొక మేస్త్రి ఉంటుంది. రైతుతో మాట్లాడేది, ఆటో మాట్లాడేది, ఎవరు రావాలో ఎవరు రాకూడదో చెప్పేది ఆమే. మా పేట ముఠా మేస్త్రిని నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. మాకు చుట్టం కాదు. వాళ్ళు దూదేకులవాళ్ళు. ఆమె భర్త ఒకప్పుడు ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. ఫోమ్ పరుపులొచ్చి ఆ పని పోయాక ఆమె కోతకు వచ్చింది, పదేళ్ళలో మేస్త్రి అయింది. పొడుగ్గా, బక్కపలచగా ఉండేది. గొంతు మాత్రం చేనుకు ఈ చివర అరిస్తే ఆ చివరికి వినపడేది. ఎవరినైనా మెచ్చుకోగా నేనెప్పుడూ వినలేదు.

ఇంటర్ అయ్యాక నేను చదువు ఆపేశాను. ఆపేశాను అనడం కూడా ఎక్కువే, ఎవరూ ఏమీ అనుకోకుండానే అది ఆగిపోయింది. ఏడాది పాటు అమ్మతోపాటు ముఠాలో పనిచేశాను. మరుసటి జనవరిలో మొదటి కోత మొదలైన వారానికి, ఒక పొద్దున చేలో పెద్దమ్మ నా పక్క సాలులోకి వచ్చి నిలబడింది.

"ఏమే, ఇంటర్లో నీకు మార్కులు బాగా వచ్చినయ్యంట గదా. నిన్న మీ పంతులమ్మ చెప్పింది."

"వచ్చినయ్ పెద్దమ్మా."

"మరి ఇక్కడేం చేస్తన్నావు?"

నేను అమ్మ వైపు చూశాను. అమ్మ తలెత్తకుండా కాయ కోస్తోంది.

"రేపట్నుంచి నువ్వు ముఠాలోకి రావద్దు. ఆటో ఎక్కినా దించేస్తా," అంది పెద్దమ్మ.

అమ్మకు కోపం వచ్చింది. "నా కూతురికి పని లేదనడానికి నువ్వెవరివి?"

"మేస్త్రిని. అది మంచిగా కోయట్లా. సగం కాయ చెట్టు మీదే వదిలేస్తంది."

అది అబద్ధం. నేను శుభ్రంగా కోసేదాన్ని. మర్నాడు పొద్దున నేను నిజంగానే ఆటో ఎక్కితే చెయ్యి పట్టుకుని దించేసింది. పక్క పేట ముఠాకు వెళ్దామని చూస్తే ఆ మేస్త్రికి కూడా చెప్పి పెట్టింది. ఆ సీజనంతా నేను ఇంట్లో కూర్చున్నాను. అమ్మ నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. వేసవిలో డిగ్రీ దరఖాస్తులు మొదలయ్యాక పెద్దమ్మ మా గుమ్మం ముందుకొచ్చి, "దానికి పనెట్టాగూ లేదుగా. కాలేజీకన్నా పంపు," అని వెళ్ళిపోయింది. ఎవరూ నాకు చేయని సాయం అది. సాయంలా కనపడకుండా చేసింది కాబట్టి ఎన్నో ఏళ్ళు నేను దాన్ని సాయమని అనుకోలేదు. ఆమె మీద నాకు కోపమే ఉండేది.

డిగ్రీ, ఆ తర్వాత తెలుగు ఎం.ఏ., అక్కడి నుంచి అదే యూనివర్సిటీలో పీహెచ్‌డీ సీటు. నాకు గైడుగా వచ్చిన ప్రొఫెసర్ పొన్నూరు వైపు మాగాణి రైతుల ఇంటి మనిషి. తెల్ల చొక్కా, మెత్తటి మాట. మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి, "చూడమ్మా, నీలాంటి నేపథ్యం నుంచి వచ్చినవాళ్ళకి సీటివ్వాలంటే మా మీద ఎంత ఒత్తిడి ఉంటుందో నీకు తెలియదు. ఆ కృతజ్ఞత మర్చిపోవద్దు," అన్నారు. సీటు నాకు ఎంట్రన్స్‌లో వచ్చిన ర్యాంకుకు వచ్చింది. అయినా తల ఊపాను. ఆరేళ్ళూ అలా ఊపుతూనే ఉన్నాను.

కావ్యాల మీద చేయమన్నారాయన. నేను మిరప పనిలో ఆడవాళ్ళు వాడే మాటల మీద చేస్తానన్నాను. విత్తనం నాటు దగ్గర్నుంచి కల్లంలో కాయ ఆరబెట్టి బస్తాలకెత్తేదాకా వాళ్ళు వాడే ప్రతి మాటా సేకరించి, అర్థం రాసి, ఏ సందర్భంలో వాడతారో చెప్పాలని నా ఆలోచన. మొదట పెదవి విరిచారు. ఎవరూ చేయని పని అని తెలిశాక ఒప్పుకున్నారు.

ఆ ఏడాది నుంచి ఆయన ఇంటికి కారం మా ఊరి నుంచే వెళ్ళేది. మాఘమాసం దాటేసరికి, "ఈసారి మీ ఊరి కాయ ఎలా ఉందమ్మా?" అని అడిగేవారు. అంతకంటే ఏమీ అనేవారు కాదు. నేను ఊరికి ఫోన్ చేసేదాన్ని. పెద్దమ్మ కల్లంలో కూర్చుని మంచి రంగున్న కాయ ఏరి, తొడిమల ముచ్చికలు తీసి, మరపట్టించి పంపేది. "మీ సారు చల్లగా ఉంటే నీ చదువు తొరగా అవుద్ది," అనేది. ఆ కారం ఘాటుకు ఆమె రాత్రంతా దగ్గేదని అమ్మ తర్వాతెప్పుడో చెప్పింది.

సేకరణకు వెళ్ళినప్పుడు మొదటి రెండు నెలలూ నాకు ఒక్క మాటా దొరకలేదు. చుడీదారు వేసుకుని, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి చేను గట్టున నిలబడితే, నాతో కలిసి కోత కోసినవాళ్ళే పుస్తకాల భాష మాట్లాడటం మొదలుపెట్టారు. "మేము ఎర్రని మిరపకాయలను కోసెదము" అని ఒకామె ఫోన్ దగ్గరికి వంగి చెప్పింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, అవతలికి పోయి ఏడ్చాను.

పెద్దమ్మ చూసింది. మర్నాడు నన్ను చీర కట్టుకుని రమ్మంది. ఫోన్ జాకెట్లో పెట్టుకోమంది. ఒక సాలు ఇచ్చి కోయమంది. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తనే ఒక్కొక్కరినీ కదిలించింది. నువ్వు కోసేది పండా, దోరా? దోర ఎందుకు కోశావు? నిన్నటి కాయలో నెమ్ము ఉందని రైతు ఎందుకన్నాడు? ఎండిందని నీకెట్టా తెలిసింది, చూసి చెప్పావా, విని చెప్పావా? ఒకామె అంది, "చూసేదేముంది, చేతిలో పట్టుకుని ఊపితే గింజ గలగలమనాల." ఆ ఒక్కరోజు నాకు దొరికిన మాటలు ఒక అధ్యాయానికి సరిపోయాయి. ఆ తర్వాత మూడు సీజన్లు అలాగే సాగింది. వాళ్ళు చెప్పింది నేను తప్పుగా రాసుకుంటానేమోనని సాయంత్రాలు పెద్దమ్మ నా చేత చదివించుకుని దిద్దేది. ఆమెకు చదవడం రాదు. వినడం వచ్చు. ఎవరైనా నా ముందు గొప్ప కోసం లేని మాట కల్పించి చెబితే, "అది మనం అనం. దాన్ని కొట్టెయ్," అనేది.

అలా ఒక సాయంత్రం చదివి వినిపించాక నేనే అన్నాను. "పెద్దమ్మా, ఈ పుస్తకంలో నీ పేరు వేస్తాను. మొట్టమొదటి పేజీలో."

"నా పేరెందుకే?"

"నువ్వు లేకపోతే ఈ పుస్తకం లేదు."

ఆమె, "రేషన్ కార్డులో తప్పు పడింది. ఆ తప్పు రాకుండా చూసుకో," అని పేరు మూడుసార్లు పలికి, నా చేత మూడుసార్లు పలికించింది.

థీసిస్ పూర్తయింది. కృతజ్ఞతల పేజీ అన్నిటికంటే చివర రాశాను. మా డిపార్ట్‌మెంట్‌లో దానికొక వరస ఉంది. ముందు దైవసమానులైన గైడుగారు, తర్వాత శాఖాధిపతి, ఆచార్యులు, ఆఫీసు సిబ్బంది, చివర్లో తల్లిదండ్రులు. నేను ఆ వరస తప్పాను. మొదటి పేరాలో పెద్దమ్మ పేరు, ఊరు, ఆమె ముఠాలో పద్నాలుగు మంది పేర్లు రాశాను. రెండో పేరాలో అమ్మ. మూడో పేరాలో గైడుగారు.

ఆయన ఆ పేజీని ఆకుపచ్చ ఇంకుతో దిద్ది ఇచ్చారు. మొదటి పేరా మీద అడ్డంగా ఒకే గీత ఉంది.

"ఇది సిద్ధాంత గ్రంథమమ్మా. ముఠా హాజరుపట్టీ కాదు," అన్నారు నవ్వుతూ.

"సార్, ఆవిడ పేరొక్కటైనా ఉంచుతాను."

"దత్తాంశం ఇచ్చినవాళ్ళ పేర్లు వేయకూడదు. పద్ధతి కాదు."

అలాంటి నియమం ఎక్కడా లేదని నాకు తెలుసు. అదే అన్నాను, చాలా మెల్లగా.

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నీ ఇష్టం. మళ్ళీ మొత్తం చదివి సంతకం పెట్టాలంటే నాకు టైం పడుతుంది. వచ్చే నెల నేను ఊళ్ళో ఉండను."

నా గడువు ఇంకో పన్నెండు రోజుల్లో అయిపోతుంది. అది దాటితే మళ్ళీ పొడిగింపు, మళ్ళీ కమిటీ. అప్పటికే ఒక కాలేజీలో కాంట్రాక్టు పోస్టు ఖాళీ ఉందని తెలిసింది, దానికి థీసిస్ సమర్పించిన కాగితం కావాలి. ఇవన్నీ నిజమే. అయితే ఆ రోజు డీటీపీ సెంటర్లో కూర్చుని ఆ పేరాను కొట్టేసింది ఆయన కాదు, నేను. ఆపరేటర్ "మేడమ్, ఇదంతా డిలీటా?" అని అడిగితే అవునన్నాను. దాని చోట "దత్తాంశ సేకరణకు సహకరించిన గ్రామీణ స్త్రీలకు నా ధన్యవాదాలు" అని చెప్పి టైపు చేయించాను. గైడుగారిని మొదటి పేరాలోకి తెచ్చి, పితృసమానులు అన్నాను. ఆ మాట రాస్తుంటే నాన్న గుర్తొచ్చాడు. అయినా ఉంచాను.

ఓపెన్ వైవాకు అమ్మనూ పెద్దమ్మనూ రమ్మన్నది నేనే. రావద్దని చెప్పడానికి నోరు రాలేదు. ఇద్దరూ పొద్దున పాసింజరెక్కి నల్లపాడులో దిగి, ఆటోలో యూనివర్సిటీకి వచ్చారు. పెద్దమ్మ ఇస్త్రీ చీర కట్టుకుంది. వెనక వరసలో కూర్చున్నారు.

పరీక్షకు వేరే యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దాయన నెమ్మదస్తుడు. పేజీలు తిప్పుతూ ఒక మాట దగ్గర ఆగారు. "తాలు అనే మాటకు మీరిచ్చిన అర్థం నాకు కొత్తగా ఉంది. మామూలుగా తాలు అంటే?"

నేను నోరు తెరిచేలోపే మా గైడుగారు అందుకున్నారు. "గింజ లేనిది సార్. పొల్లు. మా వైపు వడ్లు తూర్పారబడితే పోయేది. ఈ అమ్మాయి అక్కడ కొంచెం అటూ ఇటూ రాసినట్టుంది. దిద్దిస్తాను."

వెనక నుంచి పెద్దమ్మ గొంతు వినపడింది. అరిచినట్టు లేదు, మామూలుగానే అంది. "వడ్లకి అదేనండి. మిరపకాయకి అది కాదు."

పెద్దాయన తలెత్తి, "ఏదండీ, మీరు చెప్పండి," అన్నారు.

ఆమె లేచి నిలబడింది. "తాలు కాయలో గింజ ఉంటదండి. రంగే ఉండదు. కల్లంలో వాన పడి తడిసినా, చెట్టు మీద తెగులు తగిలినా కాయ తెల్లబడుద్ది. దాన్ని తాలంటాం. వేరే ఏరి పెడతాం. అదీ కారమే, అమ్ముడుపోద్ది. పొల్లు కాదు."

పెద్దాయన రాసుకున్నారు. "ఈవిడ ఎవరమ్మా?" అని నన్నడిగారు.

నేను గైడుగారి వైపు చూశాను. గైడుగారే చెప్పారు. "వాళ్ళ ఊరి కూలి మనిషి సార్. అమ్మాయితో వచ్చినట్టున్నారు."

"వీరి పేరు థీసిస్‌లో ఎక్కడైనా ఇచ్చారా?"

"గ్రామీణ స్త్రీలు అని పెట్టాం సార్," అన్నారు గైడుగారు.

పెద్దాయన నా వైపు చూశారు. నేను బల్ల వైపు చూశాను. ఆయన ఇంకేమీ అడగలేదు. పది నిమిషాల్లో నాకు డాక్టరేట్ సిఫారసు చేస్తున్నట్టు ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు, అమ్మ కళ్ళు తుడుచుకుంది. టీ తాగుతుండగా గైడుగారు నన్ను పక్కకు పిలిచి, "మీవాళ్ళను తీసుకొచ్చేటప్పుడు ఎక్కడ మాట్లాడాలో ఎక్కడ మాట్లాడకూడదో చెప్పి తీసుకురావాలమ్మా," అన్నారు. నేను సారీ చెప్పాను. నా జీవితంలో నేను చెప్పిన మాటల్లో నాకు ఎక్కువ సిగ్గు కలిగించేది అదే.

మూడు నెలలకు ఊళ్ళో సన్మానం పెట్టారు. సెంటర్లో నా ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. వేదిక మీద ఊరి పెద్దలు కూర్చున్నారు. వాళ్ళలో ఒకాయన పొలంలోనే మేము ఎక్కువ కోతలు కోసేవాళ్ళం. పెద్దమ్మ నన్ను ముఠాలోంచి తీసేసిన ఏడాది, "చదివి ఏం ఉద్ధరిస్తది, ఇక్కడ మనుషులు చాలక చస్తంటే" అని ఆమె మీద కేకలేసింది ఆయనే. ఆ రోజు ఆయన మైకు పట్టుకుని, ఈ అమ్మాయిలో చురుకు చిన్నప్పుడే గమనించి ప్రోత్సహించానని చెప్పాడు. నా వంతు వచ్చాక నేను వాళ్ళందరికీ పేరుపేరునా ధన్యవాదాలు చెప్పాను. ముందే ఒక కాగితం చేతికిచ్చారు, దాన్ని చూసి చదివాను. కింద పరిచిన టార్పాలిన్ మీద అమ్మ పక్కన పెద్దమ్మ కూర్చుని నా వైపే చూస్తోంది. కాగితంలో లేని పేరు ఒకటి కలిపి చదివితే ఎవరూ నన్ను ఆపేవాళ్ళు కాదు. అక్కడ ఆపడానికి గైడుగారు కూడా లేరు. అయినా చదవలేదు. ఎందుకు చదవలేదని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. అంత జనంలో ఆ పేరెత్తితే, థీసిస్‌లో లేని సంగతి ఎవరైనా అడుగుతారేమోనని భయపడ్డానేమో. నాకు దొరికిన జవాబు అదొక్కటే.

మర్నాడు పొద్దున థీసిస్ కాపీ ఒకటి తీసుకుని పెద్దమ్మ ఇంటికి వెళ్ళాను. నల్లటి అట్ట, బంగారు అక్షరాలు. ఆమె చేతులు కడుక్కుని అందుకుంది. ఆమె కోడలు పదో తరగతి చదివింది. పెద్దమ్మ పుస్తకం కోడలి చేతికిచ్చి, "మొదటి పేజీ చదువు," అంది.

"ఎందుకులే పెద్దమ్మా, తర్వాత చదువుకుంటారు," అన్నాను.

"చదవనీ."

కోడలు చదివింది. పితృసమానులు దగ్గర తడబడి మళ్ళీ చదివింది. శాఖాధిపతి, ఆచార్యులు, ఆఫీసు సిబ్బంది, గ్రామీణ స్త్రీలు, అమ్మ. పేజీ అయిపోయింది. కోడలు పేజీ తిప్పి వెనక చూసి, "అయిపోయింది అత్తా," అంది.

"గైడు కొట్టేశాడు పెద్దమ్మా. సంతకం పెట్టనన్నాడు. నేను రాశాను, నిజంగా రాశాను," అన్నాను.

"నాకు తెలుసులే."

"ఎట్టా తెలుసు?"

"ఆ రోజు ఆ పెద్దాయన నా పేరుందా అని అడిగినప్పుడే తెలిసింది. చదువు రాకపోయినా మాట అర్థం కాదా? ఇంటికొచ్చేటప్పుడు రైల్లో చెప్తావేమో అనుకున్నా. చెప్పలా. తర్వాతన్నా వచ్చి చెప్తావనుకున్నా. నిన్న మైకు పట్టుకుంటే, ఇప్పుడు చెప్తది అనుకున్నా."

నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. పుస్తకం నా ఒళ్ళో పెట్టింది.

"నా పేరు వెయ్యమని నేను అడిగానా? నువ్వే అన్నావు. రాయకపోతే నా ప్రాణమేం పోదు. కొట్టేశారు పెద్దమ్మా అని అదే రోజు నాకో మాట చెప్పాల. ఇన్నాళ్ళూ నా దగ్గర కూర్చుని టీ తాగావు గదా."

ఆ పుస్తకం నేనే వెనక్కి తెచ్చుకున్నాను. అమ్మతో చెబితే, "ఆవిడ అంతే, రెండ్రోజుల్లో మర్చిపోద్ది, నువ్వు అన్నం తిను," అంది. ఆమె మర్చిపోలేదు.

నేను ఆ కాంట్రాక్టు పోస్టులో చేరాను. ఇప్పటికీ అందులోనే ఉన్నాను, ఏటేటా పొడిగిస్తారు. చేరిన రెండేళ్ళకు మా గైడుగారి పుస్తకం ఒకటి వచ్చింది. మిరప పనివారి పదకోశం. అట్ట మీద ఆయన పేరొక్కటే. తెరిచి చూస్తే నా థీసిస్‌లోని మాటలే, అదే అకారాది వరస, నేను రాసిన ఉదాహరణ వాక్యాలతో సహా. తాలు అనే మాట దగ్గర, గింజ ఉండి రంగు పోయిన కాయ అని, పెద్దమ్మ చెప్పినట్టే ఉంది. ముందుమాట చివర్లో, క్షేత్ర పర్యటనలో నా విద్యార్థిని ఒకరు తోడ్పడ్డారని ఒక్క వాక్యం. పేరు లేదు.

ఆయనకు ఫోన్ చేశాను. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన ముందు నా గొంతు పెరిగింది. "సార్, అందులో మాటలన్నీ నేను సేకరించినవి."

"నా పర్యవేక్షణలో సేకరించావమ్మా. నీ పట్టా నీకు వచ్చింది కదా, ఇంకేం కావాలి? మీతో ఇదే ఇబ్బంది. పైకి రాగానే పట్టుకుని పైకి తెచ్చినవాళ్ళే కనపడరు. మనిషికి కృతజ్ఞత ఉండాలి." ఆ వెంటనే, "మీ కాలేజీలో రెగ్యులర్ పోస్టులు పడతాయంటున్నారు. సెలక్షన్ కమిటీలో నేనూ ఉంటాను," అన్నారు.

ఫిర్యాదు రాశాను. మూడు పేజీలు. అది ఇప్పటికీ నా ల్యాప్‌టాప్‌లోనే ఉంది. ఆ పోస్టులూ ఇంతవరకూ పడలేదు.

ఆ వేసవిలో ఊరికి వెళ్ళి పెద్దమ్మను కలిశాను. అప్పటికి ఆమె కోతలు మానేసింది. ఊపిరాడటం లేదని డాక్టరు మిరప దగ్గరికి పోవద్దన్నాడట. అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేను గైడు పుస్తకం సంగతంతా చెప్పాను. సొంతంగా మంచి పదకోశం తెస్తానని, అట్ట మీద నా పేరు పక్కనే ఆమె పేరు వేస్తానని, ఈసారి ఎవరి సంతకమూ అక్కర్లేదని చెప్పాను. మాట్లాడుతుంటే నాకే ఉత్సాహం వచ్చింది.

ఆమె చేతిలో పని ఆపకుండానే విన్నది. "వద్దండి," అంది.

నేను సరిగ్గా వినలేదనుకున్నాను. "ఏంటి పెద్దమ్మా?"

"నా పేరు ఎక్కడా రాయొద్దండి. మీ పుస్తకాల్లో అసలు వద్దు."

"నన్ను మీరంటావేంటి పెద్దమ్మా?"

"చదువుకున్నవాళ్ళు గదండీ." గొంతులో కోపం లేదు. పరాయి ఊరి మనిషితో మాట్లాడినట్టుంది. "మీ పేరు ఆయన తీసేస్తే మీకు మంటెత్తింది. అప్పుడు గుర్తొచ్చా నేను. అంతకుముందు రెండేళ్ళు గుర్తు రాలా."

అది నిజం. గైడు పుస్తకం రాకపోయి ఉంటే నేను ఆ అరుగు దాకా వెళ్ళేదాన్ని కాను. మాటలు మాత్రం వాడుకోవచ్చా అని అడిగాను. అవి అందరివీ, ముఠాలో వాళ్ళని అడగండి, నన్నెందుకు అడగడం అంది. కోడల్ని పిలిచి నాకు మంచినీళ్ళిప్పించింది. నేను తాగి లేచాను.

అందుకే ఇక్కడ ఆమె పేరు రాయలేదు. గైడుగారి పేరు రాయకపోవడానికి కారణం వేరు, అది భయమే, దాన్ని ఇంకో మాటతో కప్పిపుచ్చను. పదకోశం సగం అయింది. కృతజ్ఞతల పేజీ ఎలా రాయాలో తెలియక అక్కడే ఆగింది.

అమ్మ ఇంకా కోతకు వెళ్తోంది. వద్దంటే వినదు. ముఠాకు ఇప్పుడు పెద్దమ్మ కోడలు మేస్త్రి. ఊరికి వెళ్ళినప్పుడు నేను వెనక వీధి గుండా ఇంటికి పోతాను. అయినా ఎప్పుడైనా సంతలోనో బస్టాపులోనో పెద్దమ్మ ఎదురుపడుతుంది. నన్ను చూసి మొహం తిప్పుకోదు. ఆగి, "బాగున్నారా అండీ?" అని అడుగుతుంది. బాగున్నానంటాను. ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతాను. పర్లేదండి అంటుంది. బస్సొస్తే ఎక్కి ముందు సీట్లో కూర్చుంటుంది, నేను వెనక్కి వెళ్ళి కూర్చుంటాను.